నిలబడినప్పుడే ఎందుకు వణుకుతుంది?
పాత వ్యాను ఇంజను నేర్పే విజ్ఞానశాస్త్రం

బడిపిల్లలను ఎక్కించుకొని తిరిగే పాత వ్యానును మీరు చూసే ఉంటారు. మీలో కొందరు రోజూ అందులోనే బడికి వస్తూ ఉండవచ్చు. రోడ్డు మీద అది బాగానే పరుగెత్తుతుంది. కాని రైల్వే గేటు దగ్గరో, నాలుగు రోడ్ల కూడలిలోనో ఆగగానే దాని ఒళ్లంతా వణకడం మొదలవుతుంది. అద్దాలు గడగడలాడతాయి. యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీయడానికి డ్రైవరు జంకుతాడు. తీశాడో, ఇంజను రెండుసార్లు దగ్గినట్లు చేసి ఆగిపోతుంది.

అప్పుడు తలా ఒక సలహా ఇస్తారు. ఒకరు కార్బ్యురేటరు మార్చమంటారు. మరొకరు కాయిలు పోయిందంటారు. ఇంకొకరు ఇంజను మొత్తం విప్పాలంటారు. వ్యానే జీవనాధారమైన డ్రైవరు ఒక్కొక్క సామానే కొంటూ పోతాడు. నాలుగు రోజుల సంపాదన ఖర్చవుతుంది, వణుకు మాత్రం అలాగే ఉంటుంది. ఎందుచేత? అందరూ జవాబులు చెప్పారే గాని, ఎవరూ ప్రశ్న వేయలేదు.

వేయవలసిన ప్రశ్న ఒకటే. పరుగెత్తేటప్పుడు కనబడని జబ్బు, నిలబడినప్పుడే ఎందుకు కనబడుతున్నది? మీరు తరగతిలో చదివే వాతావరణ పీడనం, గతిశక్తి, విద్యుదయస్కాంత ప్రేరణ, దహనం అనే పాఠాలలోనే దీనికి జవాబు ఉన్నది.

ఉదాహరణకు మన ఊళ్లలో బాగా తిరిగిన మారుతి వ్యానును తీసుకుందాం. ఇది 1984లో రోడ్డు మీదికి వచ్చింది. 1988లో దీనికి ఓమ్ని అని పేరు పెట్టారు. 2019లో దీని తయారీని ఆపివేశారు. దీని ఇంజనుకు మూడు సిలిండర్లు, మొత్తం ఘనపరిమాణం 796 సి.సి. ఇంజను ముందు సీట్ల కిందనే ఉంటుంది. తొలినాటి వ్యానులన్నీ కార్బ్యురేటరుతో నడిచేవి. మన పాఠానికి అటువంటి వ్యానే అనువైనది. ఎందుకంటే అందులో జరిగేదంతా కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది.

ఇంజను అడిగేవి మూడే

నాలుగు ఘాతాల ఇంజనును జర్మనీకి చెందిన నికొలాస్ ఓటో 1876లో తయారుచేశాడు. మన వ్యాను ఇంజను కూడా ఆ పద్ధతిలోనే పనిచేస్తుంది. పిస్టను కిందికి దిగేటప్పుడు గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని లోపలికి పీల్చుకుంటుంది. పైకి వచ్చేటప్పుడు ఆ మిశ్రమాన్ని నొక్కుతుంది. అప్పుడు ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టి మిశ్రమం మండుతుంది, ఆ ఒత్తిడికి పిస్టను మళ్లీ కిందికి వస్తుంది. చివరి ఘాతంలో పొగ బయటికి పోతుంది. ఈ నాలుగు పనులకు ఇంజను ఇరుసు రెండు చుట్లు తిరుగుతుంది.

అంటే ఇంజను మనల్ని అడిగేవి మూడు. మొదటిది, సరైన పాళ్లలో కలిసిన గాలి, పెట్రోలు. రెండవది, ఆ మిశ్రమాన్ని బయటికి పోనీయకుండా నొక్కగల సిలిండరు. మూడవది, సరైన క్షణంలో బలమైన నిప్పురవ్వ. ఈ మూడింటిలో ఏది లోపించినా ఇంజను తడబడుతుంది. నాలుగో కారణం లేదు. వణికే ఇంజను ముందు నిలబడినప్పుడు ఈ మాటను గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్లే.

పాళ్ల సంగతి కొంచెం చూద్దాం. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 15 గ్రాముల గాలి కావాలి. ఇది చిన్న లెక్కలాగే కనిపిస్తుంది. కాని లీటర్లలోకి మార్చి చూడండి. ఒక లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. దానికి దాదాపు 11 కిలోగ్రాముల గాలి కావాలి. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములే కాబట్టి, ఆ గాలి పరిమాణం 9 వేల లీటర్లు! మనం పెట్రోలు బంకులో డబ్బు ఇచ్చి కొనేది లీటరు పెట్రోలే గాని, ఇంజను దానితోపాటు ఒక చిన్న గదికి పట్టేంత గాలిని పీల్చుకుంటున్నది. కాబట్టి గాలి లెక్క తప్పినా ఇంజనుకు జబ్బే.

ఊరికే తిరగడం అంత తేలిక కాదు

బండి నిలబడి ఉండగా, యాక్సిలరేటరు తొక్కకుండా, ఇంజను తనంతట తాను నెమ్మదిగా తిరగడాన్ని ఐడ్లింగ్ అంటారు. మన మెకానిక్కులు దీనినే స్లో అని కూడా అంటారు. ఏ బరువూ లాగడం లేదు కదా, ఇది ఇంజనుకు విశ్రాంతి అని మనం అనుకుంటాం. నిజానికి ఇంజనుకు ఇదే కఠిన పరీక్ష.

లెక్క వేద్దాం. ఐడ్లింగులో ఇంజను నిమిషానికి సుమారు 900 చుట్లు తిరుగుతుంది. రెండు చుట్లకు ఒకసారి చొప్పున, ఒక్కొక్క సిలిండరులో నిమిషానికి 450 సార్లు మంట పుడుతుంది. మూడు సిలిండర్లకు కలిపి 1350. అంటే సెకనుకు 22కు పైగా. ఒక మంటకూ మరో మంటకూ మధ్య ఇరుసు 240 డిగ్రీలు తిరుగుతుంది. ఒక సిలిండరు పనిచేయకపోతే ఆ ఎడం ఒకచోట 480 డిగ్రీలు అవుతుంది. ఒక చుట్టు పూర్తయి ఇంకా మూడోవంతు చుట్టు, ఏ తోపూ లేకుండా తిరగాలన్నమాట.

ఆ సమయంలో ఇరుసును తిప్పేది ఎవరు? దాని చివర ఉన్న బరువైన గతిపాలక చక్రం. అది తిరుగుతూ తనలో దాచుకున్న గతిశక్తిని ఖర్చుచేసి ఇంజనును నడిపిస్తుంది. గతిశక్తి వేగపు వర్గానికి అనుపాతంలో ఉంటుందని మీకు తెలుసు. నిమిషానికి 2700 చుట్ల వేగంలో ఉన్న శక్తితో పోలిస్తే, 900 చుట్ల వేగంలో ఉన్నది తొమ్మిదో వంతే. రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు ఒక మంట తప్పిపోయినా, నిండు సంచిలోనుంచి ఒక రూపాయి తీసినట్లు, చక్రం ఆ లోటును భర్తీ చేస్తుంది. ఐడ్లింగులో సంచి దాదాపు ఖాళీ. రెండు మంటలు వరసగా తప్పితే ఇంజను ఆగిపోతుంది.

నిలబడినప్పుడే వణకడానికి ఇది మొదటి కారణం. రెండవది ఇంకా ఆసక్తికరమైనది. అది కార్బ్యురేటరులో ఉన్నది.

కార్బ్యురేటరులో రెండు దారులు

దోమల మందు కొట్టే చేతి పంపును గుర్తుచేసుకోండి. పిడిని నెట్టితే గాలి సన్నని రంధ్రం గుండా వేగంగా వస్తుంది. ఆ వేగపు గాలి దగ్గర పీడనం తగ్గుతుంది. డబ్బాలోని మందు గొట్టం వెంట పైకి లేచి తుంపరగా చెదురుతుంది. కార్బ్యురేటరు కూడా ఇంచుమించు ఇంతే. దాని గొంతు ఒకచోట సన్నగా ఉంటుంది. అక్కడ గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. 18వ శతాబ్దపు చివర దీనిని పరిశీలించిన ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచురి పేరుతోనే ఆ సన్నని భాగాన్ని పిలుస్తారు. అక్కడికి తెరుచుకునే జెట్టు అనే రంధ్రంలోనుంచి పెట్రోలు తుంపరగా వచ్చి గాలిలో కలుస్తుంది.

గొంతుకు దిగువన థ్రాటిల్ అనే ఒక రేకు తలుపు ఉంటుంది. యాక్సిలరేటరు తొక్కితే అది తెరుచుకుంటుంది. ఐడ్లింగులో అది దాదాపు మూసుకొని ఉంటుంది. అప్పుడు గొంతులో గాలి వేగం ఎంతో తక్కువ. పెద్ద జెట్టు నుంచి ఒక్క చుక్క కూడా పైకి రాదు. మరి ఇంజనుకు పెట్రోలు ఎలా అందుతుంది?

ఇందుకోసం కార్బ్యురేటరులో రెండో దారి ఉన్నది. థ్రాటిల్ తలుపుకు అవతల, ఇంజను వైపున, ఒక చిన్న రంధ్రం తెరుచుకుంటుంది. తలుపు మూసి ఉండగా పిస్టన్లు పీల్చుతూ ఉండటంవల్ల అక్కడ పీడనం బాగా పడిపోతుంది. మంచి స్థితిలో ఉన్న ఇంజనులో అది బయటి వాతావరణ పీడనంకంటే సుమారు 45 సెంటీమీటర్ల పాదరసం మేర తక్కువగా ఉంటుంది. బయట 76 సెంటీమీటర్లు, లోపల 30 సెంటీమీటర్ల ప్రాంతం! ఆ తేడావల్ల పెట్రోలు ఐడిల్ జెట్టు గుండా చిన్న రంధ్రంలోకి వస్తుంది.

ఈ ఐడిల్ జెట్టు రంధ్రం అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. ట్యాంకు అడుగున చేరిన తుప్పు పొడిలోని ఒక్క రేణువు చాలు, దానిని మూసివేయడానికి. పెద్ద జెట్టులోనుంచి అదే రేణువు కొట్టుకుపోతుంది. అందుకే ఐడిల్ జెట్టు మూసుకుపోయిన వ్యాను రోడ్డు మీద చక్కగా పోతుంది, కాలు తీయగానే చచ్చిపోతుంది.

దొంగగాలి

ఇప్పుడు తరచుగా కనిపించే, తరచుగా కనిపెట్టలేకపోయే జబ్బు దగ్గరికి వద్దాం. కార్బ్యురేటరుకూ ఇంజనుకూ మధ్య ఉన్న గొట్టాల సముదాయాన్ని మేనిఫోల్డు అంటారు. దానికి కొన్ని రబ్బరు గొట్టాలు తగిలించి ఉంటాయి. ఏళ్లు గడిచి, ఇంజను వేడికి ఆ రబ్బరు ఎండిపోయి పగుళ్లు తీస్తుంది. కార్బ్యురేటరు కింది గాస్కెట్టు కూడా అలాగే చిరుగుతుంది. ఆ పగులులోనుంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. ఈ గాలి ఏర్ ఫిల్టరు దారిన రాలేదు, కార్బ్యురేటరు దగ్గర లెక్క చెప్పలేదు, వెంట పెట్రోలు తేలేదు. దొడ్డిదారిన వచ్చిన దొంగగాలి అది.

ఇది చేసే హానిని లెక్కకట్టి చూద్దాం. 796 సి.సి. ఇంజను నిమిషానికి 900 చుట్లు తిరిగితే 450 సార్లు తన ఘనపరిమాణం మేరకు పీల్చుకుంటుంది. అది నిమిషానికి సుమారు 358 లీటర్లు, సెకనుకు 6 లీటర్లు. కాని మేనిఫోల్డులో పీడనం 30 సెంటీమీటర్లే కదా! బాయిల్ నియమం ప్రకారం బయటి పీడనం దగ్గర లెక్కిస్తే అది సెకనుకు 2.4 లీటర్ల గాలి మాత్రమే. రబ్బరు గొట్టంలో 2 మిల్లీమీటర్ల వ్యాసం గల చిల్లు పడిందనుకోండి. అంత పీడన భేదంవల్ల అందులోనుంచి సెకనుకు దాదాపు అర లీటరు గాలి దూరుతుంది. 2.4 లీటర్లకు సరిపడా పెట్రోలులో 2.9 లీటర్ల గాలి కలిసింది. 15 ఉండవలసిన నిష్పత్తి 18కి చేరింది. అసలు ఐడ్లింగులో సిలిండరులో పాత పొగ కూడా కొంత మిగిలిపోతుంది కాబట్టి మంట అంటుకోవడం కష్టం. దానికి తోడు ఇంత పలుచని మిశ్రమమైతే, నిప్పురవ్వ పడినా కొన్నిసార్లు అంటుకుంటుంది, కొన్నిసార్లు అంటుకోదు. అదే వణుకు.

ఇక అదే వ్యాను రోడ్డు మీద వేగంగా, నిమిషానికి 4500 చుట్లతో, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పోతున్నది. ఇప్పుడు ఇంజను సెకనుకు సుమారు 25 లీటర్ల గాలి పీలుస్తుంది. చిల్లు అంతే ఉన్నది. థ్రాటిల్ తెరిచి ఉన్నందున మేనిఫోల్డులో పీడనం బయటి పీడనానికి దగ్గరగా ఉంటుంది, దొంగగాలి చాలా తగ్గిపోతుంది. తగ్గలేదనే అనుకుందాం. 25 లీటర్లలో అర లీటరు కలిస్తే నిష్పత్తి 15 నుంచి 15.3 అవుతుంది, అంతే. ఇంజనుకు తెలియను కూడా తెలియదు.

చూశారా! చిల్లు మారలేదు. మొత్తంలో దాని వాటా మారింది. లోపం ఎంత పెద్దదన్నది ఒక్కటే చూస్తే చాలదు, దేనితో పోల్చినప్పుడు ఎంత అన్నది చూడాలి. విజ్ఞానశాస్త్రంలో కొలతల దోషాన్ని శాతాలలో చెప్పడానికి కారణం కూడా ఇదే.

నిప్పురవ్వ, నొక్కుడు

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. ప్లగ్గు మొనల మధ్య గాలిని ఛేదించి దూకడానికి వేల వోల్టులు కావాలి. ఫారడే 1831లో కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ ఇక్కడ పనికి వస్తుంది. కాయిలులోని ప్రాథమిక చుట్టలో ప్రవహించే విద్యుత్తును హఠాత్తుగా తెంచితే, ఎన్నో వేల చుట్లు గల గౌణ చుట్టలో సుమారు 20 వేల వోల్టులు పుడతాయి. పాత బండ్లలో ఆ తెంచే పని డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లది. అవి కాలి గుంటలు పడినా, వాటి ఎడం మారినా నిప్పురవ్వ బలహీనమవుతుంది, వేళ తప్పుతుంది.

ఇక్కడ ఒక మంచి ఆధారం ఉన్నది. సిలిండరులో మిశ్రమం ఎంత ఒత్తిడితో ఉంటే, నిప్పురవ్వ దూకడం అంత కష్టం. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండరు నిండుగా ఉంటుంది. కాబట్టి కాయిలో, ప్లగ్గు వైరో బలహీనపడితే, సాధారణంగా ఇంజను ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కువగా తప్పుతుంది. నిలబడినప్పుడు మాత్రమే తప్పుతుంటే ముందు గాలి, పెట్రోలు పాళ్లనే అనుమానించాలి.

ఇక నొక్కుడు. కవాటం సరిగా మూసుకోకపోయినా, పిస్టను రింగులు అరిగినా మిశ్రమం కారిపోతుంది. ఇంజను నెమ్మదిగా తిరిగినప్పుడు కారడానికి ఎక్కువ వ్యవధి దొరుకుతుంది. అందుచేత ఈ జబ్బు కూడా ఐడ్లింగులోనే ముందుగా బయటపడుతుంది. మెకానిక్కులు టాపెట్ల ఎడం సరిచేయడం, పీడనమాపకంతో మూడు సిలిండర్లనూ పోల్చి చూడడం ఇందుకే.

ముందు ప్రశ్నలు, తరువాత పానాలు

రోగిని చూడగానే డాక్టరు మందు రాయడు. ఎప్పటినుంచి, ఏ వేళలో, ఏం చేస్తే ఎక్కువవుతుంది అని అడుగుతాడు. బండి విషయంలోనూ అంతే.

1. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకనా? వేడెక్కాక నల్లపొగతో వణికితే చోకు తెరుచుకోకుండా ఇరుక్కుని, పెట్రోలు ఎక్కువవుతూ ఉండవచ్చు. మురికితో మూసుకుపోయిన ఏర్ ఫిల్టరు కూడా ఇదే చేస్తుంది.

2. నిలబడినప్పుడా, పోతున్నప్పుడా? కొన్ని కిలోమీటర్లు పోయాక ఆగిపోయి, పెట్రోలు ట్యాంకు మూత తీయగానే సుయ్‌మని శబ్దం వచ్చి, మళ్లీ నడిస్తే, మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట. పెట్రోలు ఖాళీ అయిన చోటికి గాలి చేరక ట్యాంకులో పీడనం తగ్గి, పెట్రోలు రావడం మానేసింది.

3. బ్రేకు తొక్కితే వణుకు మారుతున్నదా? బ్రేకుకు మేనిఫోల్డు పీల్పు సహాయం ఉన్న బండ్లలో ఇలా జరిగితే, దొంగగాలి ఆ గొట్టం దగ్గరే దూరుతూ ఉండవచ్చు.

4. ప్లగ్గు మొన ఏ రంగులో ఉన్నది? లేత గోధుమరంగు ఆరోగ్యానికి గుర్తు. పొడి నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువైందో, నిప్పురవ్వ బలహీనమైందో అనుకోవాలి. తెల్లగా ఉంటే గాలి ఎక్కువ. నూనెతో తడిసి ఉంటే రింగులో, కవాటాల దగ్గరి సీళ్లో అరిగాయి.

ఇప్పుడు ఒక కేసును విచారిద్దాం. ఒక వ్యాను పొద్దున చోకు లాగి స్టార్టు చేస్తే చక్కగా తిరుగుతున్నది. చోకు నెట్టివేయగానే వణికి ఆగిపోతున్నది. రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. ఎత్తు కూడా బాగానే ఎక్కుతున్నది. ప్లగ్గులు తెల్లగా ఉన్నాయి.

ఎత్తు బాగా ఎక్కుతున్నది గనుక నిప్పురవ్వ మీద అనుమానం తగ్గింది. చోకు గాలిని తగ్గించి మిశ్రమాన్ని చిక్కబరుస్తుంది. చిక్కబరిస్తే బాగుపడింది కాబట్టి, మిశ్రమం పలుచనైందన్నమాట. తెల్లని ప్లగ్గు కూడా అదే సాక్ష్యం చెబుతున్నది. మిశ్రమం పలుచబడడానికి దారులు రెండు. పెట్రోలు తగ్గి ఉండాలి, అంటే ఐడిల్ జెట్టు మూసుకుని ఉండాలి. లేదా గాలి పెరిగి ఉండాలి, అంటే దొంగగాలి దూరుతూ ఉండాలి.

ఈ రెండింటినీ విడదీయడానికి సామాను కొననక్కరలేదు. మెకానిక్కు ఒక రబ్బరు గొట్టం ఒక కొసను చెవి దగ్గర పెట్టుకొని, రెండో కొసను మేనిఫోల్డు గొట్టాల వెంట జరుపుతూ వింటాడు. గాలి దూరేచోట బుస వినిపిస్తుంది. తరువాత ఆ గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కిపట్టి చూస్తాడు. ఒక గొట్టం నొక్కగానే ఇంజను తేరుకుని నిలకడగా తిరిగితే దొంగ దొరికినట్లే. మార్చవలసింది జానెడు రబ్బరు గొట్టం. కార్బ్యురేటరు కాదు, కాయిలు కాదు. ఏ గొట్టం నొక్కినా తేడా రాకపోతే, బుస కూడా వినిపించకపోతే, అప్పుడు కార్బ్యురేటరు విప్పి ఐడిల్ జెట్టును గాలితో శుభ్రం చేయాలి.

మూడు సిలిండర్లలో ఒకటి పనిచేయడం లేదన్న అనుమానం వస్తే, అనుభవం గల మెకానిక్కు తగిన పనిముట్లతో వాటిని ఒక్కొక్కటిగా ఆపి చూస్తాడు. పనిచేసే సిలిండరును ఆపితే ఇంజను ఇంకా కుంటుతుంది. పనిచేయనిదాన్ని ఆపితే ఏ తేడా రాదు. తేడా రాకపోవడమే ఇక్కడ జవాబు!

ఈ విచారణలో మనం పాటించిన నియమాలు గమనించండి. ఖర్చు లేని పరీక్ష ముందు, ఖర్చుగలది తరువాత. ఒకసారి ఒకటే మార్చాలి. మార్చినప్పుడల్లా ఫలితం చూడాలి. ఒకేసారి ప్లగ్గులు, కాయిలు, కార్బ్యురేటరు మార్చితే బండి బాగుపడవచ్చు గాని, ఏది తప్పో ఎన్నటికీ తెలియదు. ప్రయోగశాలలో చరరాశులను స్థిరంగా ఉంచి ఒక్కదానినే మార్చమని మీకు చెప్పేది ఇందుకే.

ఎండలు, కొత్త పెట్రోలు

మన వేసవిలో మరో ఇబ్బంది ఉన్నది. పెట్రోలు ఒకే ద్రవం కాదు, అనేక ద్రవాల మిశ్రమం. అందులో తేలికైనవి 35 – 40 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరగడం ప్రారంభిస్తాయి. సీటు కింద ఇంజను వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. ద్రవాన్ని తోడే పంపు ఆవిరిని సరిగా తోడలేదు. బండి ఆగిపోతుంది. నీడన నిలిపి చల్లారనిస్తే తనంతట తానే బాగవుతుంది. మధ్యాహ్నం ఆగి, సాయంత్రం నడిచే బండిని చూసి కాయిలు మార్చేముందు ఈ సంగతి ఆలోచించాలి.

మన దేశంలో 2025 నాటికి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలపడం వ్యాపించింది. ఒక గ్రాము ఇథనాల్ మండడానికి సుమారు 9 గ్రాముల గాలి చాలు. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉండటం దీనికి కారణం. పాత కార్బ్యురేటరు జెట్టు మాత్రం పూర్వపు పెట్రోలు లెక్కకే చేసినది. అందువల్ల మిశ్రమం కొంత పలుచనవుతుంది. పైగా ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. దానికి తట్టుకునేలా చేయని పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు త్వరగా పాడవుతాయి. కాబట్టి పాత వ్యాను గలవారు రబ్బరు గొట్టాలను తరచుగా చూసుకోవాలి.

తరువాతి కాలపు వ్యానులలో కార్బ్యురేటరు పోయి, కంప్యూటరు ఆజ్ఞతో పెట్రోలు చిమ్మే ఏర్పాటు వచ్చింది. ఐడ్లింగులో గాలిని సరిచేసే ప్రత్యేక కవాటం మసిపట్టి ఇరుక్కోవడం, పీడనాన్ని కొలిచే పరికరం తప్పు చెప్పడం వాటి జబ్బులు. దీపాలు, యంత్రాలు మారాయి గాని ఇంజను అడిగేవి ఆ మూడే.

జాగ్రత్త సుమా!

ఇంజను ఆగిపోవడం కేవలం చికాకు కాదు. బ్రేకుకు పీల్పు సహాయం గల బండ్లలో ఇంజను ఆగాక ఒకటి రెండుసార్లు తొక్కేసరికి ఆ సహాయం అయిపోతుంది. తరువాత బ్రేకు బిగుసుకుపోయినట్లు ఉంటుంది, ఎంతో బలంగా తొక్కాలి. రైలు పట్టాల మీద వ్యాను ఆగిపోతే స్టార్టు చేస్తూ కూర్చోకూడదు. ముందు అందరినీ దింపి పట్టాలకు దూరంగా పంపాలి. బండి సంగతి ఆ తరువాత. మీ వ్యాను కూడళ్లలో ఆగిపోతూ ఉంటే ఇంట్లో, బడిలో చెప్పండి.

మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హీమోగ్లోబినుతో ఆక్సిజన్‌కంటే 200 రెట్లకు పైగా గట్టిగా కలిసి ప్రాణం తీస్తుంది. నడిచే ఇంజను ప్లగ్గు వైర్లను, తిరిగే బెల్టులను మీరు తాకవద్దు. పెట్రోలు దగ్గర అగ్గిపుల్ల గీయవద్దు. పైన చెప్పిన పరీక్షలు మెకానిక్కు చేస్తాడు. మీ పని గమనించడం, ఆలోచించడం, ప్రశ్నలు అడగడం.

చేసి చూడండి

1. కూల్‌డ్రింకు తాగే గొట్టాలు రెండు తీసుకోండి. ఒకదాన్ని నీళ్ల గ్లాసులో నిలువుగా, పైకొస నీటికి కొంచెం ఎత్తులో ఉండేలా పట్టుకోండి. రెండోదాని కొసను దాని పైకొసకు ఆనించి అడ్డంగా పట్టి గట్టిగా ఊదండి. తుంపర వస్తుంది. ఇది మీరు చేసిన కార్బ్యురేటరు. మెల్లగా ఊదితే నీరు ఎందుకు రాదు? ఐడిల్ జెట్టు అవసరం మీకు ఇప్పుడు తెలుస్తుంది.

2. ప్లాస్టిక్ సీసా అడుగున సన్నని రంధ్రం చేసి, నీళ్లు నింపి మూత బిగించండి. ధార ఆగిపోతుంది. మూత వదులు చేయండి. ధార మళ్లీ వస్తుంది. ఇది పెట్రోలు ట్యాంకు మూత కథ.

3. సైకిలును తలకిందులుగా నిలిపి, వెనుక చక్రాన్ని పెడలుతో తిప్పండి. మెల్లగా తిరిగేటప్పుడు తిప్పడం కాసేపు ఆపి చూడండి. వేగంగా తిరిగేటప్పుడు కూడా అంతసేపే ఆపి చూడండి. ఏది ముందు నిలిచిపోతుంది? వేళ్లను ఊచల దగ్గరికి పోనీయకండి.

జవాబులు ఆలోచించండి

1. నాలుగు సిలిండర్ల ఇంజనులో రెండు మంటల మధ్య ఇరుసు ఎన్ని డిగ్రీలు తిరుగుతుంది? ఒక సిలిండరు ఆగిపోతే మూడు సిలిండర్ల ఇంజనుకంటే దాని వణుకు తక్కువగా ఉంటుందా, ఎక్కువగా ఉంటుందా?

2. 2 మిల్లీమీటర్ల బదులు 1 మిల్లీమీటరు వ్యాసం గల చిల్లు అయితే, దొంగగాలి ఎన్నో వంతుకు తగ్గుతుంది? అప్పుడు ఐడ్లింగులో నిష్పత్తి ఎంత?

3. ఒక వ్యాను నిలబడినప్పుడు బాగానే తిరుగుతున్నది, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం తడబడుతున్నది. మీరు మొదట ఏ పరీక్ష చేయిస్తారు? ఎందుకు?